ఆతిథ్యవర్ణనము: ప్రవరుఁడు, విష్ణుచిత్తుఁడు

తీర్థయాత్రికుని ఇంట నిలుపుకొని అన్నము పెట్టిన గృహస్థులలో మన ప్రబంధములందు ఇరువురు ముఖ్యులు. మనుచరిత్రమున ప్రవరుఁడు తీర్థవాసులు వచ్చిరని వినిన ఎంతదూరమైన ఎదురేగి తోడ్కొనివచ్చును. భోజనానంతరము వారు చూచిన దేశముల విశేషముల నడుగును. సిద్ధుఁడిచ్చిన పాదలేపము ఆ కుతూహలమునకు దక్కిన ఫలమే.

ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుఁడు అతిథుల నట్లు ప్రశ్నింపఁడు. పెట్టుటయే యాతని పని. వానకు, ఎండకు, చలికి తగిన భోజనములను రాయలు మూఁడు పద్యములలో చెప్పినాఁడు. వీనిని వంటకముల పట్టికలని కొందరు తేలికపఱతురు. వర్షాకాలపు పద్యము విషయమున మేము దీని నంగీకరింపము. దానికి ప్రాణము వడియములును వరుగులును గావు. భార్య కన్నులకు పొగ సోఁకకుండ పొయ్యిలో పెట్టిన కొబ్బరిబొరియలు. పెద్దన ప్రవరుని గృహిణిని వేవురు వచ్చినను అలయని అన్నపూర్ణగా నిలిపినాఁడు. అది స్తుతి. రాయలు పొయ్యి దగ్గఱకే పోయినాఁడు. సామ్రాజ్య మేలిన కవికి ఈ పొగ యెట్లు తెలిసెనో!

నల్లమల యంచున అర్ధవీడు వంటి యూళ్లలో, ముసురునాఁడు తడికట్టెలు ఊఁదుచు చుట్టములకు వండిన ఇల్లాండ్రకు ఈ పద్యము నర్థము విప్పి చెప్పఁబనిలేదు. తరగతిలో దీనిని అలంకారముతో ఆరంభించుటకన్న ఆ పొగతో ఆరంభించుట మేలు.

తక్కిన రెండు పద్యములలో ఈ చూపు కానరాదు. వేసవి చారులు, అంబళులు, ఎడనీళ్లు, చలినాఁటి మిరియపుఁబొడులు నోరూరించును. వానిని పట్టికలన్నచో మేము వాదింపము.