చెరువు ఎండాక హెలికాప్టరు

రన్‌వే అక్కర్లేదు కాబట్టి ఎక్కడైనా ఎగరేయొచ్చు అనుకుంటారు, ఆర్‌సీ (రేడియో కంట్రోల్) హెలికాప్టరు కొత్తగా కొన్నవాళ్ళు. మోడల్ విమానానికైతే పరుగు తీయడానికి చదునైన బాట ఉండాలి. హెలికాప్టరు నిలబడ్డ చోటి నుంచే లేస్తుంది, మంచం పట్టేంత జాగాలో దిగుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే లేవడానికీ దిగడానికీ మధ్య ఉండే అయిదారు నిమిషాల్లో దానికి నేల కంటే చుట్టూ ఖాళీ ముఖ్యం. ఆ ఖాళీ అనకాపల్లి జిల్లా రావికమతం లాంటి పల్లెపట్టున కూడా అంత సులువుగా దొరకదు.

చోడవరం, వడ్డాది దాటి బీఎన్ రోడ్డు మీద వచ్చేవాడికి ఈ మాట నమ్మబుద్ధి కాదు. రెండువైపులా పొలాలే, అవతల కొండలే, పైన బోలెడంత ఆకాశమే. (హెలికాప్టరు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆ రోడ్డు గుంతల్లో ప్రయాణం చేసినవాడు ఇల్లు చేరాక స్క్రూలన్నీ మరోసారి బిగించుకోవడం మంచిది. అది వేరే కథ.) తీరా బండి ఆపి, ఎక్కడ ఎగరేయాలని ఒక్కో మడీ చూడటం మొదలెడితే అప్పుడు తెలుస్తుంది. ఇది చెరకు, అది జీడితోట, ఆ పక్కన తాడిచెట్ల వరస, దాని మీదుగా కరెంటు తీగ.

ఇంత జాగ్రత్త దేనికంటే, ఇది పేరుకే బొమ్మ. హాబీలో అందరికీ తెలిసిన 450 సైజు హెలికాప్టరుకు ఒక్కో రెక్క 325 మిల్లీమీటర్లు ఉంటుంది. నిమిషానికి 3 వేల చుట్లు తిరిగితే ఆ రెక్క కొస గంటకు 400 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. 700 సైజుదైతే రెక్కల చుట్టుకొలత పెద్దది గనుక 2 వేల చుట్లకే కొస వేగం 600 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. కార్బన్ ఫైబర్ రెక్క అది. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక పార్కులో, మోడళ్ళు ఎగరేయడానికని కేటాయించిన చోటే, 19 ఏళ్ళ కుర్రాడొకడు తన హెలికాప్టరు రెక్క తగిలి చనిపోయాడు. చేయి తిరిగినవాడే, చోటూ అనుమతి ఉన్నదే.

ఎంత ఖాళీ ఉంటే చాలు? 450 సైజుది వంద మీటర్లు దాటి పోతే ముక్కేదో తోకేదో కంటికి ఆనదు. ముక్కు తనవైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. నేర్చుకునేవాళ్ళలో చాలామంది యంత్రాన్ని పోగొట్టుకునేది సరిగ్గా ఆ క్షణంలోనే. కాబట్టి ముందుకు వంద మీటర్లు, అడ్డంగా వంద మీటర్లు అనుకుంటే సుమారు రెండున్నర ఎకరాలు. పెద్ద సైజులకు దానికి నాలుగింతలు కావాలి. మోటారు గాల్లో ఆగిపోయినా హెలికాప్టరు రాయిలా పడిపోనక్కర్లేదు. రెక్కల పిచ్ (వాలు కోణం) తగ్గించి, దిగుతున్నప్పుడు కింది నుంచి తగిలే గాలితోనే వాటిని తిప్పించుకుంటూ వచ్చి నేల దగ్గర మళ్ళీ పిచ్ పెంచి దించవచ్చు. ఆటోరొటేషన్ అంటారు దీన్ని. అయితే ఆ రెండున్నర ఎకరాల్లో ఎక్కడ ఆగినా కింద దించగల నేల ఉండాలి. జీడికొమ్మల మీద ఆటోరొటేషన్ కుదరదు.

రావికమతంలో ఆ నేల ఏడాది పొడవునా ఒకే చోట ఉండదు. ఇదీ ఈ కాలమ్ అసలు చెప్పదలచుకున్న మాట. ఉపగ్రహ చిత్రంలో గోధుమరంగు ముక్క చూసి, ఇదే మన ఫీల్డ్ అని బయల్దేరితే రెండు నెలల తర్వాత అక్కడ మోకాటి ఎత్తు పైరు ఉంటుంది.

వానాకాలమంతా దమ్ము చేసిన పల్లం, నాటిన వరి. అప్పుడు పొలాల వంక చూడకపోవడమే మంచిది. వరి కోతలయ్యాక మడులు ఖాళీగా కనిపిస్తాయి గానీ అదీ సగం నిజమే. ఈ ప్రాంతంలో చాలామంది రైతులు కోతకు ముందే తడి ఆరకుండా మినుము, పెసర చల్లేస్తారు. పైకి మోళ్ళే కనిపించినా వాటి మధ్య రెండాకుల మొలకలుంటాయి. తెలియనివాడు బూట్లతో తొక్కుకుంటూ నడిస్తే రైతుకు కడుపు మండదా? అపరాలు వేయని మడి దొరికినా మోళ్ళతో చిక్కుంది. తోక రోటరు నేలకు బాగా దగ్గరగా తిరుగుతుంది, జానెడు మోడు తగిలితే చాలు పళ్ళచక్రాలు అరిగిపోతాయి. ధాన్యం మీద కప్పే బరకం ఒకటి పరిచి నాలుగు మూలలా మేకులు కొట్టుకోవాలి. మేకులు కొట్టకపోతే రోటరు గాలికి బరకమే లేచి రెక్కల్లో పడుతుంది.

చెరకు సంగతి మరీ చెడ్డది. అనకాపల్లి బెల్లం మార్కెట్‌నూ గోవాడ ఫ్యాక్టరీనీ నమ్ముకుని ఈ చుట్టుపక్కల తరతరాలుగా వేసిన పంట, మనిషిని మించి ఎదుగుతుంది. అందులో పడిన హెలికాప్టరును వెతకడం ఒక ఎత్తు, అందులో ఉన్న లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఇంకో ఎత్తు. పడ్డప్పుడు లిపోకు గట్టి దెబ్బ తగిలితే అక్కడికక్కడే పొగలు కక్కి అంటుకోవచ్చు. ఒక్కోసారి పది నిమిషాలు ఆగి అంటుకుంటుంది. నరుకుడుకు వచ్చిన తోటలో కిందంతా ఎండిన చెత్తాకే. ఫిబ్రవరిలో చెరకు తోట పక్కన ఎగరేయడం అంటే ఒక రైతు ఏడాది కష్టంతో ఆడుకోవడమే. గడ్డికుప్పలకూ ఇదే మాట. ఇసక నింపిన బకెట్టు ఒకటి ఎప్పుడూ వెంట ఉండాలి, ఉన్నా చెరకు దగ్గరికి పోకూడదు.

హైస్కూలు మైదానమో? చదునుగా ఉంటుంది, రోడ్డు పక్కనే ఉంటుంది, అందుకే మొదట అదే గుర్తొస్తుంది. సాయంత్రమైతే క్రికెట్, వాలీబాల్, నడకకు వచ్చే పెద్దవాళ్ళు. హెలికాప్టరు దిగగానే పిల్లలు పరుగున మీదికొస్తారు, రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. వద్దు. అరచేతిలో పట్టే, 250 గ్రాముల లోపు బుల్లి హెలికాప్టరయితే హెడ్మాస్టరు గారిని అడిగి, ఆదివారం తెల్లవారుజామున ఒక మూల తిప్పుకోవచ్చు, అంతవరకే.

కల్యాణపులోవ రిజర్వాయరు వైపు వెళ్ళి ఆ కొండల మధ్య ఎగరేయాలని ప్రతి కుర్రాడికీ ఉబలాటంగా ఉంటుంది. వీడియోలో చూడ్డానికి అంతకంటే అందమైన చోటు మండలంలో లేదు. ఎగరేయడానికి అంతకంటే అధ్వానమైనదీ లేదనవచ్చు. కొండల సందుల్లోంచి వచ్చే గాలి ఒకవైపు నుంచే రాదు, సుడులు తిరుగుతూ కిందికీ నొక్కుతుంది. ఎదురుగా నీళ్ళు, వెనకాల చూడ్డానికొచ్చిన జనం. కొండ నీడలో ముదురు రంగు హెలికాప్టరు కంటికి కనపడకుండా కలిసిపోతుంది. అక్కడికి ఫొటోలకు వెళ్ళాలి, హెలికాప్టరును ఇంట్లో పెట్టి వెళ్ళాలి.

ఇక తీగలు. పొలాల్లో మోటార్లకు పోయే 11 కేవీ లైన్లలో స్తంభాలు కనిపిస్తాయి, తీగలు కనిపించవు. అందుకని తీగ కోసం ఆకాశంలో వెతకడం దండగ. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క పెట్టుకుని, బోరు ఎక్కడుందో చూసి అటువైపు పోయే లైను ఏదో ముందే తెలుసుకోవాలి. తీగ మీద పడ్డ యంత్రాన్ని గెడకర్రతో లాగే పని ఎవరూ చేయకూడదు. లైన్‌మన్‌కు కబురు చెయ్యాలి, ఆయన తిట్లు పడాలి.

చోటు బాగున్నా మనుషులతో మాట కలపనిదే పని జరగదు. హెలికాప్టరు లేచిన రెండు నిమిషాలకే గట్టు మీద ఒక పెద్దాయన ప్రత్యక్షమవుతాడు.

‘‘ఏటి బాబూ, మళ్ళీ సర్వేకొచ్చేరా?’’

‘‘కాదు తాతా, బొమ్మ హెలికాప్టరు.’’

‘‘బొమ్మయితే ఇంత మోతేటి?’’

ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఊళ్ళ మీద తిరిగాయి. తర్వాత హద్దుల మీద, విస్తీర్ణం మీద గొడవలు రాని ఊరు తక్కువ. పైన ఏదైనా తిరిగితే కింద భూమి మారుతుందని రైతుకు అనిపిస్తే తప్పు పట్టలేం. ఇటు ఏజెన్సీ కొండలు దగ్గర. గంజాయి సాగు కనిపెట్టడానికి పోలీసులు డ్రోన్లు వాడుతున్న కాలమిది. కాబట్టి మండల కేంద్రంలో పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి యంత్రాన్ని చూపించి, ఎక్కడ ఏ వేళ ఎగరేస్తున్నదీ చెప్పి రావడం వల్ల పోయేదేమీ లేదు. పొలం యజమానిని అడగకుండా ఒక్కసారి ఎగరేసినా ఆ ఊళ్ళో ఇక రెండోసారి ఉండదు.

చట్టం విషయానికొస్తే రావికమతానికి అదృష్టమే. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల్లో హెలికాప్టరు హాబీకి చోటుంది. వినోదానికో చదువుకో, కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్ళను విడిగా గుర్తించి, వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా విడిగా అనుమతి అడగాల్సిన పని లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల లోపే ఆంక్షలు ఎక్కువ. నేవీ ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో ఉన్న విశాఖ విమానాశ్రయం ఇక్కడికి చాలా దూరం. అలాగని జోన్ల మ్యాపు చూడకుండా బయల్దేరకూడదు. వీఐపీ పర్యటనలప్పుడు తాత్కాలికంగా రెడ్ జోన్ పెడుతుంటారు, ఆ సంగతి కూడా పోలీస్ స్టేషన్‌లోనే తెలుస్తుంది.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఎండిన చెరువు. మార్చి నుంచి తొలకరి దాకా నీళ్ళు దిగిన చెరువు లోపలి భాగానికి మించిన ఫీల్డ్ ఈ మండలంలో లేదు. లోపల పంట లేదు, చెట్టు లేదు, సాధారణంగా కరెంటు స్తంభం ఉండదు. చూడ్డానికి వచ్చినవాళ్ళను గట్టు మీదే ఆపితే వాళ్ళకు బాగా కనిపిస్తుంది, దూరమూ ఉంటుంది. నెర్రెలిచ్చిన మట్టి మీద బరకం పరిస్తే దుమ్ము లేవదు. ఆ దుమ్ము మోటారు బేరింగుల్లోకి పోతే పెద్ద ఖర్చు. చెరువు ఎండినందుకు సంతోషించేది బహుశా ఊళ్ళో హెలికాప్టరు ఉన్నవాడొక్కడే. ఆ సంతోషాన్ని రైతుల ఎదుట దాచుకోవాలి.

అదే నెలల్లో ఉపాధి హామీ పనులు కూడా చెరువులోనే జరుగుతాయి. తెల్లవారగానే పలుగూ పారా పట్టుకుని జనం దిగుతారు, ఎండ ముదిరేదాకా పూడిక తీస్తారు. కాబట్టి చల్లని ఉదయం వాళ్ళది, సాయంత్రం హెలికాప్టరుది. కొత్తగా తీసిన గోతులు ఎక్కడున్నాయో రోజూ నడిచి చూసుకోవాలి. గేదెలు చివరి మడుగు దగ్గరికి వచ్చే దారి వదిలేయాలి.

సాయంత్రమే మేలనడానికి ఇంకో కారణం సూర్యుడు. పడమటి కొండల వైపు వీపు పెట్టి తూర్పు ముఖంగా నిలబడితే కళ్ళలో ఎండ పడదు, యంత్రం మీద వెలుగు పడి ముక్కూ తోకా విడివిడిగా కనిపిస్తాయి. గాలి ఎదురుగా వీస్తుంటే మాత్రం నిలబడే చోటు కొంచెం పక్కకు జరుపుకోవాలి. చేయి తప్పిన హెలికాప్టరును ఆ గాలి మన మీదికే తోస్తుంది. గాలి అడ్డంగా పోయేట్టు నిలబడటం ఎప్పుడూ క్షేమం. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎగరేయాలన్న సరదా ఉన్నవాళ్ళు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. 15 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతం తక్కువ. అదే ఎత్తులో నిలబడటానికి రెక్కలు ఎక్కువ కష్టపడాలి, బ్యాటరీ ఎక్కువ కాగుతుంది.

చోటు కోసం ఇలా వెతుక్కునే బాధ అందరికీ లేదు. అమెరికాలో 1936లో పుట్టిన మోడల్ ఏరోనాటిక్స్ అకాడమీకి ఇండియానా రాష్ట్రం మన్సీ ఊళ్ళో వెయ్యి ఎకరాలకు పైగా మైదానం ఉంది. ఏటా ఆగస్టులో ప్రపంచం నలుమూలల నుంచి హెలికాప్టరు పిచ్చోళ్ళు అక్కడ చేరతారు. జపాన్‌లో యమహా కంపెనీ 1987లోనే ఆర్-50 అనే రేడియో హెలికాప్టరు తయారుచేసింది, వరి మీద మందు కొట్టడానికి. 1997లో ఆర్‌మ్యాక్స్ వచ్చింది. మనవాళ్ళు ఇప్పుడు పొలాల్లో చూస్తున్న మందు డ్రోన్లకు ముందుతరం అదే. మన రాష్ట్రమూ వెనకబడి లేదు. 2024 అక్టోబరులో అమరావతిలో డ్రోన్ సమ్మిట్ పెట్టి కృష్ణ ఒడ్డున 5 వేలకు పైగా డ్రోన్లతో ఆకాశంలో బొమ్మలు వేయించారు, ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అంటున్నారు. బాగానే ఉంది. ఆ సిటీలో ఉద్యోగానికి వెళ్ళాల్సిన కుర్రాడు ఊళ్ళో ఎక్కడ నిలబడి నేర్చుకోవాలన్నది మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఇప్పటి హెలికాప్టర్లలో మూడు అక్షాల గైరోలు వచ్చి గాల్లో నిలబెట్టడం తేలికైంది. నేల వెతుక్కోవడం మాత్రం తేలిక కాలేదు.

పంచాయతీలు దీనికి పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. ఉపాధి పనులు ముగిసిన సాయంత్రాల్లో, చెరువులో ఏ మూల గోతులు లేవో ఆ మూలను వేసవి మూడు నెలలు వాడుకోమని ఒక తీర్మానం రాస్తే చాలు. ఇంజినీరింగ్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చే పిల్లలు నేరుగా సర్పంచి గారి దగ్గరికి వెళ్ళి అడగాలి. సంక్రాంతికి వచ్చినప్పుడే అడిగి ఉంచండి. నీళ్ళు దిగాక వెళితే అప్పటికి పూడిక పనుల కొలతలు ఖరారై ఉంటాయి.