విశాఖ–భీమిలి తీరంలో ఇసుకను నడిపించే ఇంజనీరింగ్

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా తీరం వెంబడి సముద్రం నీటితోపాటు ఇసుకనూ మోసుకుపోతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత ఇసుక వెనక్కి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

భీమిలిలో గోస్తనీ నది మొగ దగ్గర ఈ కదలిక కంటికి కనిపిస్తుంది. ఏటిలో నీరు సన్నగిల్లితే అలలు తెచ్చిన ఇసుక మేట వేస్తుంది. వరద వస్తే ఏరే దాన్ని కోసుకుని దారి చేసుకుంటుంది. డచ్చివారు వర్తకం చేసిన నాటి భీమిలి రేవులో ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది.

1933లో మొదలైన విశాఖ రేవుకు అలా సర్దుకుపోయే వీలు లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఓడల కోసం తవ్విన కాలువ పూడిపోతే రేవే ఉండదు. అందుకే రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డు కట్టారు. అడ్డు చాటున నీటి వేగం తగ్గి ఇసుక దిగుతుంది. ప్రవాహశాస్త్రంలో ఇది నిష్క్రియ నియంత్రణ: ఒకసారి కడితే, శక్తి ఖర్చు లేకుండా దాని ఆకారమే పనిచేస్తుంది. 1970లలో ఔటర్ హార్బర్ కోసం కట్టిన పొడవైన రాతి గోడలూ ఆ కోవలోవే.

అయితే గోడ ఇసుకను ఆపగలదే గాని అవతలికి చేర్చలేదు. ఆగిన ఇసుక రేవును పూడుస్తుంది. అవతల ఉత్తరపు ఒడ్డుకు రావలసిన వాటా రాక, అలలు ఉన్న ఇసుకనే కోసుకుపోతాయి. ఆ ఒడ్డునే ఉన్న ఆర్‌కే బీచ్ కోతకు ఇది ముఖ్య కారణం. ఇక్కడే క్రియాశీల నియంత్రణ అవసరమవుతుంది. ఈ పద్ధతిలో బయటి నుంచి శక్తినిచ్చి ప్రవాహాన్ని మళ్లిస్తారు. 1904లో ప్రవాహశాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంట్ల్ స్థూపం మీది సన్నని చీలికలోంచి నీటిని పీల్చి, ప్రవాహం ఉపరితలాన్ని విడిచిపోకుండా ఆపి చూపించాడు. పరిమాణం ఎంతో పెద్దదైనా, విశాఖలో డ్రెడ్జర్ పంపు చేసే పనిలోనూ సూత్రం అదే.

రేవు దగ్గర పోగైన ఇసుకను డ్రెడ్జర్ నీటితో కలిపి పీల్చి, గొట్టాల గుండా ఉత్తరపు ఒడ్డు మీదికి పంపుతుంది. ఇందులో అసలు నైపుణ్యం వేగాన్ని పట్టుకోవడంలో ఉంది. వేగం చాలకపోతే ఇసుక గొట్టం అడుగున పేరుకుని దారి మూసేస్తుంది. మితిమీరితే ఇంధనం వృథా, గొట్టమూ అరిగిపోతుంది. ఇసుక రేణువు ఎంత పెద్దదైతే అంత వేగం కావాలి. ఒడ్డున పోసే ఇసుక అక్కడి ఇసుకకన్నా సన్ననిదైతే అలలకు త్వరగా కొట్టుకుపోతుంది.

ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో 1986 నుంచి స్థిరమైన జెట్ పంపులు ఇసుకను నది మొగ కిందుగా అవతలికి చేరుస్తున్నాయి. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కేంద్రమే ఉన్న విశాఖకు ఈ విద్య కొత్తది కాదు. కావలసింది క్రమం తప్పకపోవడం. అలలు ఏ ఏడూ ఆగవు కాబట్టి పంపూ ఆగకూడదు. ఉత్తరపు ఒడ్డుకు ఇసుక చేర్చే ఖర్చును రేవు నిర్వహణలో విడదీయరాని పద్దుగా ఏటా లెక్కలో రాయాలి.