చేతులు కనిపించని నర్సు

పోయిన చలికాలం నుంచి గడ్డిఅన్నారంలో ఒక ఇంట్లో పగటి డ్యూటీ చేస్తున్నాను. ఎనభై దాటిన పెద్దావిడ. పక్షవాతంతో కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట కూడా పోయింది. ముక్కుకి రైల్స్ ట్యూబు, మూత్రానికి కాథెటరు. అత్తగారికి పాత సినిమాలంటే ప్రాణమని ఒక మధ్యాహ్నం కోడలు టీవీలో ‘చివరకు మిగిలేది’ పెట్టింది. బుచ్చిబాబు నవలకీ దీనికీ సంబంధం లేదు. 1960లో గుత్తా రామినీడు తీసిన సినిమా, సావిత్రి నర్సు.

సినిమా అయ్యేసరికి కోడలు కళ్ళు తుడుచుకుంటూ “నర్సంటే గట్లుండాలె సిస్టర్. పేషెంటు కోసం పానం పెట్టింది సూడు” అంది. నేనేమీ అనలేదు. అప్పటికి నాలుగయింది. పెద్దావిడని ఎడమవైపుకి తిప్పాల్సిన టైము. తిప్పి, వీపు వెనక దిండు పెడుతూ ఆలోచించాను. ఇంతసేపూ మేం చూసిన ఆ నర్సు పనేమిటి? ఏం చేస్తుంటే చూశాం మనం ఆమెని?

నేను విమర్శకురాలిని కాను. ఏ.ఎన్.ఎం. చదివి ఇరవయ్యేళ్ళు పైబడి ఈ పనిలో ఉన్నదాన్ని. నా పనిని చూపించామని చెప్పే సినిమాని నా పని పక్కన పెట్టి చూసే హక్కు నాకుందని మాత్రం అనుకుంటున్నాను.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది. అశుతోష్ ముఖోపాధ్యాయ బెంగాలీలో రాసిన ‘నర్స్ మిత్ర’ దీనికి మూలం. 1959లో అసిత్ సేన్ సుచిత్రా సేన్‌తో ‘దీప్ జ్వేలే జాయ్’ తీశాడు. మరుసటి ఏడాదే తెలుగులో సావిత్రి. 1969లో మళ్ళీ అసిత్ సేనే హిందీలో వహీదా రెహమాన్‌తో ‘ఖామోషీ’ తీశాడు. (నిజజీవితంలో డాక్టరైన ఎం. ప్రభాకర్‌రెడ్డి తొలి సినిమా మన ‘చివరకు మిగిలేది’. సినిమాల్లోకి డాక్టరు డాక్టరుగానే వచ్చాడు. నర్సు మాత్రం హీరోయిన్‌గా మారి రావాల్సి వచ్చింది!) ప్రేమలో దెబ్బతిని మతి తప్పిన యువకుడికి ప్రేమతోనే నయం చెయ్యొచ్చని పెద్ద డాక్టరు ఆలోచన. ఆ ప్రేమ నటించే బాధ్యత నర్సుది. ఆమె నటిస్తుంది, అతను కోలుకుని తన దారిన వెళ్ళిపోతాడు. ఆమెకి మాత్రం అది నటన కాలేదు. ఇంకో రోగి వస్తాడు. మళ్ళీ అదే వైద్యం. అతనికి నయమవుతుంది, ఆమెకి మతి పోతుంది. తను పనిచేసిన చోటే పేషెంటై మిగులుతుంది.

ఏ.ఎన్.ఎం. హాస్టల్లో మొదటిసారి చూసినప్పుడు నేనూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడు కూడా సావిత్రి ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. చిక్కంతా అక్కడే ఉంది. సినిమా చూపంతా ఆ ముఖం మీదే. ఆమెకి తెలిసిన పని ఏమిటో, ఎన్నేళ్ళు నేర్చుకుందో, నెలకెంతిస్తారో కథకి అక్కర్లేదు. ఆమె దగ్గరున్న ఒకే ఒక్క వైద్యం ఆడతనం. నర్సు బదులు ఏ అందమైన, మంచి మనసున్న అమ్మాయిని తెచ్చి ఆ గదిలో నిలబెట్టినా కథ నడుస్తుంది. మరి ఆ తెల్లబట్టలు ఎందుకు వేసినట్టు?

అలాగని ఈ సినిమాని కొట్టిపారెయ్యలేను. డాక్టరు ప్రయోగం గెలిచింది, దాని ఖరీదు నర్సు చెల్లించింది అని అంత స్పష్టంగా చెప్పిన సినిమా మరొకటి నేను చూడలేదు. అర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1983లో ‘ది మేనేజ్డ్ హార్ట్’ అనే పుస్తకంలో విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళ గురించి రాసింది. నవ్వడం, ఓర్చుకోవడం, ఎదుటివాళ్ళ మనసు కుదుటపరచడం కూడా శ్రమేననీ, ఆ శ్రమని కంపెనీలు అమ్ముకుంటున్నాయనీ ఆమె వాదన. దానికి ఇరవై మూడేళ్ళ ముందే మన సావిత్రి ఆ శ్రమతో అలిసి కుప్పకూలింది. కానీ సినిమా దాన్ని శ్రమ అనదు, ప్రేమ అంటుంది. ప్రేమకి జీతం అడగం కదా, సెలవూ అడగం. మా కోడలమ్మ కళ్ళు తుడుచుకుంది కూడా ఆ ప్రేమని చూసే.

ఇక నా చేతుల సంగతి చెబుతాను. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ నడుం కింద ఎముక దగ్గరా, తుంటి దగ్గరా, మడమల దగ్గరా చూడాలి. వేలితో నొక్కితే తెల్లబడని ఎరుపు కనిపిస్తే పుండుకి అది మొదటి మెట్టు అని మాకు పుస్తకాల్లో చెప్పారు. ఆ పుస్తకాలు తెల్లచర్మం చూసి రాసినవి. మా పెద్దావిడది నల్లటి ఒళ్ళు. నలుపు మీద ఎరుపు తేలిగ్గా కనబడదు. చేతి వెనకవైపు ఆనించి చూడాలి. చుట్టుపక్కల కంటే అక్కడ వెచ్చగా ఉందా, గట్టిపడిందా, లేక మెత్తగా నీరుపట్టినట్టుందా? ఇది నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. నాకంటే ముందు ఈ పని చేసిన ఒక సిస్టరు నా చెయ్యి పట్టుకుని ఒక ముసలాయన మడమ మీద ఆనించి చూపించింది. ట్యూబులో జావ పోసేముందు ముక్కు దగ్గర గుర్తు జరిగిందా అని చూస్తాను, సిరంజితో వెనక్కి లాగి చూస్తాను, తల ఎత్తి కూర్చోబెడతాను, పోశాక కూడా అరగంట పడుకోనివ్వను. ఆ ట్యూబు ఊపిరితిత్తుల దారి పడితే గ్లాసెడు రాగిజావ మనిషిని చంపుతుంది. నేనొచ్చినప్పుడు పెద్దావిడ నడుం దగ్గర రూపాయి బిళ్ళంత పుండు ఉండేది. రెండు నెలల్లో మానింది. నా గర్వం ఏమిటని ఎవరన్నా అడిగితే ఆ మానిన మచ్చ చూపిస్తాను.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’లో ఇదే సంగతి ఉంది. పేషెంటుకి పక్కపుండ్లు పడితే తప్పు సాధారణంగా జబ్బుది కాదు, నర్సింగుది అంటుందావిడ. ఎంత కఠినమైన మాట! అంటే మానితే కూడా ఆ ఘనత మాదేనని నేను దాన్ని తిరగేసి చదువుకున్నాను. యుద్ధంలో గాయాల కంటే ఆస్పత్రి మురికివల్ల చచ్చిన సైనికులే ఎక్కువని లెక్కలు కట్టి, బొమ్మలు గీసి చూపించిన మనిషి ఆవిడ. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలు. మే 12న మా నర్సుల దినం రోజు దండ వేసే ఫోటోలో ఆ లెక్కల కాగితం ఉండదు, దీపమే ఉంటుంది. 1857లో లాంగ్‌ఫెలో కవిత రాసి ఆ దీపాన్ని ఆవిడ చేతిలో శాశ్వతంగా ఇరికించేశాడు. సావిత్రి ముఖం మీద పడ్డ వెలుగు కూడా ఆ దీపానిదే అనిపిస్తుంది నాకు.

దేవతని చేయడం ఒకవైపు. రెండోవైపు సంగతి మీకు తెలియనిది కాదు. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు సంబంధాలు చూసేటప్పుడు ఒకరు “నైట్ డ్యూటీలు చేసే పిల్ల మాకొద్దు” అన్నారు. ఇంకొకరు పీతిగుడ్డలు ఎత్తిన చేతితో వంటెట్లా చేస్తుందని మా అమ్మని అడిగారు. అడిగినవాళ్ళింట్లో ఆ పని చేసే ఆడది లేదా? ఉంది. కోడలు చేస్తే అది ధర్మం, నేను జీతం తీసుకుని చేస్తే మైల. నేను పనిచేసిన ఒక నర్సింగ్ హోమ్‌లో జీతాల పుస్తకంలో నా పేరు ఆయాల లిస్టులో రాశారు. ఆయా పని తక్కువని కాదు నా బాధ. చదువు నర్సుది, బాధ్యత నర్సుది, జీతం మాత్రం ఆయాది. బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన పిల్లలు కూడా “ఓ, ఏ.ఎన్.ఎం.నా?” అంటారు. మెట్లున్న దేశంలో నర్సింగుకి మాత్రం మెట్లెందుకుండవు!

మన భాషలో ఒక సామెత ఉంది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని. ఆఫీసుల్లో, రాజకీయాల్లో మగవాళ్ళు నవ్వుతూ వాడతారు, ఇష్టంలేని పని నెత్తిన పడ్డప్పుడు. ఆ నవ్వులో ఉన్నది అసహ్యం. ఒక్క కాన్పు దగ్గర నిలబడి ఆ సామెత మళ్ళీ వినండి. ఏదొచ్చినా అంటే తల రావచ్చు, కాలు రావచ్చు, బిడ్డకంటే ముందు బొడ్డుతాడు జారిరావచ్చు. ఏది వస్తే ఏం చెయ్యాలో తెలిసినదాన్నే మంత్రసాని అన్నారు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లి తొడకి పది యూనిట్ల ఆక్సిటోసిన్ వేసి, పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడిందో లేదో చూస్తాం. మెత్తగా ఉంటే రక్తం ఆగదు. ఆ చేతికి తెలిసింది ఆ క్షణంలో ఏ డిగ్రీకీ తెలియదు. మా ఏ.ఎన్.ఎం.లో చివరి అక్షరం మిడ్‌వైఫ్, అంటే మంత్రసానే. మొదటి అక్షరం ఆగ్జిలరీ, అంటే తోడుగా ఉండేది. ఎవరికి తోడో చెప్పరు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మమ్మల్ని మల్టీపర్పస్ హెల్త్ వర్కర్లని చేశాక రెండేళ్ళ చదువు ఏడాదిన్నరకి తగ్గింది, కాన్పుల పని వెనక్కిపోయి టీకాలూ, కుటుంబ నియంత్రణ టార్గెట్లూ ముందుకొచ్చాయి. మైదాన ప్రాంతంలో అయిదువేల జనాభాకి ఒక సబ్‌సెంటరు, దానికొక ఏ.ఎన్.ఎం. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక సెకండ్ ఏ.ఎన్.ఎం.లని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. మమ్మల్ని రెగ్యులర్ చెయ్యండని తెలంగాణలో వాళ్ళు 2023 ఆగస్టులో సమ్మె కట్టారు. నాతో చదివినవాళ్ళు ఆ ధర్నాల్లో కూర్చున్నారు. ఆ ఎర్రటెండలో కూర్చున్న నర్సు మీద సినిమా ఎవరు తీస్తారు?

2020 మే 3న ఆస్పత్రుల మీద హెలికాప్టర్లు పూలు చల్లాయి. ఆ నెలలోనే నేను అద్దెకున్న ఇంటివాళ్ళు, వాళ్ళు వాడే బోరు పంపు ముట్టుకోవద్దని చెప్పారు. రెండూ ఒకే నెలలో జరిగినందుకు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. పూలు చల్లడానికీ, దూరం పెట్టడానికీ మనిషి దగ్గరికి రానక్కర్లేదు.

సినిమాల దగ్గరికే మళ్ళీ వస్తే, 2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో చిక్కుకుని తిరిగొచ్చిన 46 మంది నర్సుల మీద మలయాళంలో మహేష్ నారాయణన్ ‘టేక్ ఆఫ్’ తీశాడు. 2017లో వచ్చింది. అందులో పార్వతి వేసిన సమీరకి అప్పులున్నాయి, కోపం ఉంది, ఇంట్లోవాళ్ళతో గొడవలున్నాయి. విదేశానికి వెళ్ళేది ఎవరికో సేవ చెయ్యడానికి కాదు, జీతం కోసం. ఆ మాట సిగ్గుపడకుండా చెబుతుంది. అదే ఏడాది అదే ఘటనని ఆధారం చేసుకుని వచ్చిన ‘టైగర్ జిందా హై’లో నర్సులంతా హీరో వచ్చి కాపాడేదాకా ఎదురుచూసే గుంపు. మా కోడలమ్మ రెండోది చూసింది, మొదటిది చూడలేదు. సమీర ఉన్నందుకైనా ‘టేక్ ఆఫ్’ చూడమని చెప్పాను.

మేముండే వీధి చివరికెళ్తే పాత పళ్ళ మార్కెట్ స్థలం వస్తుంది. బత్తాయి, మామిడి సీజన్లో లారీలతో కిక్కిరిసిపోయే చోటు. మార్కెట్ బాటసింగారం తరలిపోయాక 2022 ఏప్రిల్‌లో అక్కడ వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. ఆ పక్కగా బస్సుకి నడిచేటప్పుడల్లా నేను పడకలు లెక్కేసుకుంటాను. వెయ్యిలో రెండొందల మంది కదల్లేనివాళ్ళనుకున్నా, మనిషికి రోజుకి పన్నెండుసార్లు తిప్పాలి. ఎన్ని చేతులు కావాలి?

మొన్న కోడలమ్మ రాత్రిపూట తనే తిప్పుతానంది, రాత్రి డ్యూటీ సిస్టరు మానేసింది మరి. ఎట్లా చూడాలో నేర్పమంది. పెద్దావిడ మోకాళ్ళు కొంచెం ముడిచి, భుజం కిందా తుంటి కిందా చేతులు పెట్టి, ఈడ్చకుండా దొర్లించడం చూపించాను. ఈడిస్తే చర్మం లోపల్లోపల చిరుగుతుందని చెప్పాను. మడమ పట్టుకుని ఆమె చాలాసేపు చూసింది.

“ఏం కనవడ్తలేదు సిస్టర్.”

“కనబడదమ్మా. చెయ్యి తిప్పి పెట్టండి, వెనకవైపు.”

పెట్టింది. కాసేపాగి, ఇంకో మడమ మీద కూడా పెట్టి చూసింది.

“ఇది కొంచెం ఎక్కువ ఎచ్చగుంది గదా?”

నేను కూడా ఆనించి చూశాను. నిజమే, వెచ్చగానే ఉంది. పిక్క కింద దిండు సర్ది, మడమ పరుపుకి తగలకుండా గాల్లో ఉండేలా పెట్టాం.