చేప సత్తువ కొలిచి కట్టిన దారి

ఆస్ట్రేలియాలో మర్రే నది మీద ఏ లాకు చూడబోయినా జనం కళ్లు పడవలు ఎక్కిదిగే గదుల మీదా, ఆనకట్ట మీంచి దూకే నీళ్ల మీదా ఉంటాయి. అక్కడే ఒక పక్కగా, మడతలు మడతలుగా తిరిగే సన్నటి కాంక్రీటు కాలువ ఉంటుంది. లోపల బురద రంగు నీళ్లు మెల్లగా సుడి తిరుగుతుంటాయి. అందులో చూడ్డానికేముందని అందరూ ముందుకు వెళ్లిపోతారు. ఆ లాకు మొత్తంలో ఎక్కువ బుర్ర పెట్టి కట్టింది మాత్రం ఆ కాలువనే. అది చేపలు ఆనకట్ట దాటడానికి వేసిన దారి.

మర్రే పొడవు రెండున్నర వేల కిలోమీటర్లు. ఆవిరి పడవలకు ఏడాది పొడుగునా లోతు ఉండాలని 1920లలో, 30లలో దాని మీద పదమూడు చోట్ల ఆనకట్టలూ లాకులూ కట్టారు. అవి పూర్తయ్యేసరికి సరుకంతా రైలెక్కేసింది. పడవల కోసం కట్టిన గోడలు సాగునీటికి ఉపయోగపడ్డాయి. ఎగువన 1936లో హ్యూమ్ డ్యాం వచ్చింది. సముద్రపు ఉప్పునీరు ఎగదన్నకుండా నది మొగ దగ్గర 1940 నాటికి ఐదు బ్యారేజీలు లేచాయి. వీటిలో చాలావాటి ఎత్తు మూడు మీటర్లకు అటూ ఇటూ. మనిషికి అదొక లెక్కలోది కాదు. చేపకు మాత్రం నది అక్కడితో అయిపోయినట్టే.

ఆ నది చేపల బతుకు తెలిస్తే ఆ గోడల బరువు తెలుస్తుంది. గోల్డెన్ పెర్చ్ అనే చేప వరద నీటిలో గుడ్లు వదులుతుంది. గుడ్లు, ఆ తర్వాత పిల్లలు, ప్రవాహంతో పాటు ఎన్నో మైళ్లు దిగువకు కొట్టుకుపోతాయి. ఈత వచ్చాక అవి ఎదురీది ఎగువకు రావాలి. మర్రే కాడ్ అనే పెద్ద చేప ఈ నదీ వ్యవస్థకు రాజు. 1902లో బార్వాన్ నదిలో పట్టిన ఒక కాడ్ 113 కిలోలు తూగింది. మర్రే మొగ దగ్గరి నారింజెరి ప్రజల గాథలో నదిని తవ్వింది కాడ్ చేపే. నురుందెరి అనే పూర్వీకుడు తరుముతుంటే అది తోక విదిలించిన చోటల్లా నదికి వంపు పడిందట. అలాంటి నదిలో, 2003లో ఆ పరీవాహక ప్రాంతానికి రాసుకున్న చేపల ప్రణాళిక అంచనా ప్రకారం, స్థానిక చేపలు తెల్లవాళ్ల రాకకు ముందున్న వాటిలో పదో వంతే మిగిలాయి.

చేపల దారి కట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1930లలోనే కొన్ని ఆనకట్టల పక్కన మెట్ల కాలువలు కట్టారు. ఆ మెట్ల నమూనా ఉత్తరార్ధగోళంలోని సాల్మన్ చేపలది. సాల్మన్ దూకుతుంది, నీటి ఉరవడిని చీల్చుకుని వెళ్తుంది. మర్రేలోని స్థానిక చేపలు దూకవు. అడ్డు వస్తే ఆగుతాయి, పక్కలు వెతుకుతాయి, కిందే తచ్చాడతాయి. అందుకే ఆ పాత దారులు చాలావరకు ఊరికే నిలబడ్డాయి.

1980లలో మార్టిన్ మాలెన్-కూపర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ పనిని తలకిందులు చేశారు. ముందు గోడ కట్టి ఆ తర్వాత చేప ఎక్కుతుందేమోనని చూసే పద్ధతి మానేశారు. నమూనా కాలువ ఒకటి కట్టి, అందులో స్థానిక చేపలను వదిలి, నీటి వేగాన్ని మారుస్తూ ఏ వేగం దగ్గర ఏ చేప ఆగిపోతోందో చూశారు. చేప సత్తువ అంకెగా చేతికొచ్చింది. ఇక కట్టాల్సింది ఆ అంకెకు లోబడే.

ఇక్కడి లెక్క చాలా సులువు. మెట్టు నుంచి మెట్టుకు నీరు ఎంత ఎత్తు నుంచి పడుతుందో దాన్నిబట్టే దాని వేగం. 30 సెంటీమీటర్ల మెట్టయితే సెకనుకు 2.4 మీటర్లు. సాల్మన్‌కు అది ఆట. 1991లో టొరంబరీ ఆనకట్ట దగ్గర కట్టిన దారిలో మెట్టును పదహారున్నర సెంటీమీటర్లకు తగ్గించారు. వేగం 1.8 మీటర్లకు దిగింది. గోల్డెన్ పెర్చ్, సిల్వర్ పెర్చ్ ఎక్కాయి. ఎక్కిన చేపలను పట్టి పరీక్షిస్తే మరో సంగతి బయటపడింది. ఎదురీదుతున్నది గుడ్లు పెట్టబోయే పెద్ద చేపలే అనుకున్నారు గదా, వాటిలో చాలావరకు ఇంకా ఈడు రాని కుర్ర చేపలు. అంతకన్నా చిన్నవి కింద మిగిలిపోతున్నాయి.

ఆ పాఠమే తర్వాతి పనికి కొలత ఇచ్చింది. 2001లో సముద్రం నుంచి హ్యూమ్ డ్యాం దాకా, 2,225 కిలోమీటర్ల పొడుగునా చేపకు దారి తెరవాలని నిర్ణయించారు. ఆ పని పదేళ్లకు పైగా సాగింది. ఈసారి మెట్టు పది సెంటీమీటర్లే, వేగం 1.4 మీటర్లు. ప్రతి 32 మీటర్ల నడకకు ఒక మీటరు ఎక్కుడు. మూడు మీటర్ల ఆనకట్ట దాటాలంటే ముప్పై మెట్లు, వంద మీటర్లకు దగ్గరగా కాలువ. అంత పొడవుకు జాగా ఉండదు గనక కాలువ మడత పడుతుంది. ఖర్చు పెరుగుతుందని తెలిసీ ఆ వాలుకే కట్టుబడ్డారు. వేలెడంత చేప నుంచి మీటరు పొడుగు కాడ్ దాకా అన్నీ ఎక్కాలన్నది వాళ్ల పట్టు.

ఇప్పుడు ఆ కాలువ లోపలికి దిగి చూద్దాం. కాలువకు అడ్డంగా వరసగా గోడలుంటాయి. ప్రతి గోడలోనూ అడుగు నుంచి అంచు దాకా నిలువుగా ఒకే ఒక్క చీలిక. దీనికి వర్టికల్ స్లాట్ అని పేరు. పాత మెట్లలో నీరు గోడ తల మీంచి పారేది. నది కాస్త తగ్గితే మెట్టు ఎండిపోయేది, కాస్త పెరిగితే మునిగిపోయేది. నిలువు చీలికకు ఆ బాధ లేదు. నది మట్టం ఎంత మారినా చీలికలో నీరుంటుంది, తలుపులు తిప్పే మనిషి అక్కర్లేదు. అడుగున నడిచే చేప అడుగునే వెళ్తుంది, పైపైన తిరిగేది పైనే వెళ్తుంది. ఏ లోతున దాటాలన్నది చేప ఇష్టం.

చీలిక ఆకారంలో అసలు పనితనం ఉంది. రెండు అంచులూ ఎదురెదురుగా ఉండవు. ఒక అంచు కొద్దిగా ముందుకు పొడుచుకొచ్చి నీటి ధారను ఏటవాలుగా తిప్పుతుంది. ఆ ధార నేరుగా కింది చీలికలోకి దూసుకెళ్లదు. గదిలోకి మళ్లి, అక్కడి నీటిలో తిరుగుడుపడి జోరు వదిలేస్తుంది. అంచు వెనక ఒక నిమ్మళమైన మూల మిగులుతుంది. చేప ఒక్క ఉదుటున చీలిక దాటి, ఆ మూలలో అలుపు తీర్చుకుని, మళ్లీ ఉదుటు తీస్తుంది. తిరుమల కాలిబాటలో మెట్ల మధ్య మండపాలు చేసే పనే ఈ గదులు చేస్తాయి. గది ఇరుకైతే నీరు కుతకుతలాడి చిన్న చేప దిక్కు తప్పుతుంది. అందుకే చీలిక వెడల్పు, గది పొడవు వెడల్పులు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. ఒకటి మారిస్తే మిగతావన్నీ మార్చాలి.

ఇంత చేసినా చేపకు ద్వారం కనబడకపోతే దండగే. ఎదురీదుతూ వచ్చిన చేప ఆనకట్ట కింద నురగ లేచే హద్దు దాకా వచ్చి ఆగుతుంది. ద్వారం సరిగ్గా ఆ హద్దులోనే ఉండాలి. పది మీటర్లు కిందికి పెడితే చేప దాన్ని దాటి వెళ్లిపోయి, గోడ దగ్గరే తిరుగుతుంది. ద్వారంలోంచి వచ్చే ధార కూడా చుట్టూ ఉన్న రొదలో చేపకు విడిగా తెలియాలి. పై చివర ఇంకో జాగ్రత్త ఉంది. బయటపడిన చేపను ఆనకట్ట పొర్లు మళ్లీ కిందికి లాక్కుపోకుండా, ఆ చివరను గోడకు ఎడంగా తీసుకెళ్లాలి.

కట్టాక పరీక్ష పెట్టిన తీరు నాకు కట్టుబడి కన్నా ఎక్కువ నచ్చింది. ఒక రోజు కింది ద్వారం దగ్గర బోను పెడతారు, మరో రోజు పై చివర పెడతారు. కింద పడ్డ చేపల జాబితాకూ పైన పడ్డ జాబితాకూ తేడా ఎంతో, దారి లోపం అంత. ఇది చాలదన్నట్టు వేల చేపల ఒంట్లో బియ్యపు గింజంత చీటీ పెట్టారు. దాని పేరు పిట్ ట్యాగ్. దానికి బ్యాటరీ ఉండదు. చీలిక దగ్గర అమర్చిన తీగచుట్ట పక్కగా చేప వెళ్తే దాని నంబరు నమోదవుతుంది. ఏ చేప ఏ లాకు ఎప్పుడు దాటిందో ఏళ్ల తరబడి తెలుస్తూనే ఉంటుంది. మరీ బుల్లి చేపలు ఇంకా వెనకబడుతున్నాయని ఇలాంటి పరీక్షల్లోనే తేలింది. దాంతో కొన్నిచోట్ల పడవల లాకు సూత్రంతోనే చిన్న చేపల లాకులు కూడా కట్టారు. గదిలోకి చేప వస్తుంది, తలుపు పడుతుంది, నీరు నిండుతుంది, పై తలుపు తెరుచుకుంటుంది. చేప కష్టపడాల్సిందేమీ లేదు.

దారి తెరిస్తే మంచివాళ్లే రారు గదా. యూరప్ నుంచి వచ్చిన కామన్ కార్ప్, మన చెరువుల్లో పెంచే బంగారు తీగ, మర్రేలో పెద్ద బెడద. టొరంబరీ దగ్గర పనిచేసిన అలన్ విలియమ్స్ దాన్ని గమనించి ఒక ఉపాయం కనిపెట్టాడు. దారిలో అడ్డు వస్తే కార్ప్ దూకుతుంది, స్థానిక చేప దూకదు. దారిలో ఒక బోను పెట్టి, అడ్డు మీంచి దూకినవి పక్క గదిలో పడేట్టు చేశాడు. దూకిన కార్ప్ అందులో చిక్కుతుంది, దూకనివి తమ దారిన తాము పోతాయి. సాల్మన్ మెట్లను పనికిరాకుండా చేసిన గుణమే ఇక్కడ జల్లెడగా మారింది. ఆయన పేరుతోనే దాన్ని విలియమ్స్ బోను అంటున్నారు.

పైకి వెళ్లిన చేపకు ఉండడానికి చోటు కూడా కావాలి. ఆవిరి పడవల కాలం నుంచీ నదిలో పడిన చెట్లను దారికి అడ్డమని లాగేస్తూ వచ్చారు. కాడ్ ఆ దుంగల నీడనే బతుకుతుంది. దుంగ తొర్రల్లాంటి చోట్ల గుడ్లు పెడుతుంది, మగచేప వాటికి కాపలా కాస్తుంది. హ్యూమ్ డ్యాం దిగువన యారవోంగా దాకా నదిలో నాలుగు వేలకు పైగా దుంగలు తిరిగి దించారు. వేళ్లతో సహా, ప్రవాహానికి కొట్టుకుపోకుండా, కొన్ని ఒడ్డుకానించి, కొన్ని గుంపుగా. కొన్నేళ్లలో అక్కడ కాడ్, గోల్డెన్ పెర్చ్ రెండూ పెరిగాయి.

ఈ పనితనానికీ ఒక హద్దుంది. 2000లలోని దీర్ఘ కరువులో నది మొగ దగ్గర నీటి మట్టం పడిపోయి, బ్యారేజీల దగ్గరి చేపల దారులు మూసేయాల్సి వచ్చింది. ఇదే పరీవాహకంలోని డార్లింగ్ నదిలో, మెనిండీ దగ్గర 2018-19లోనూ 2023లోనూ చేపలు గుట్టలుగా చచ్చాయి. నీరే లేకపోతే, నీటిలో ప్రాణవాయువే లేకపోతే, ఎంత చక్కటి చీలికయినా చేసేదేమీ లేదు.

గోదావరి మీద 1852 నాటికి ఆనకట్ట కట్టి, తర్వాత దాని స్థానంలో బ్యారేజీ కట్టుకున్న మనకు ఈ పని దూరపు ముచ్చట కాదు. వరద రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదే పులసకు ధవళేశ్వరం గోడ అడ్డం. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అంతకుముందు అలహాబాద్ దాటి వెళ్లే ఇదే జాతి చేప దాదాపు అక్కడే ఆగిపోయింది. పులస కూడా సాల్మన్‌లా దూకే చేప కాదు. పైగా గుంపుగా నడుస్తుంది, ఇరుకంటే బెదురుతుంది. దాని చుట్టమైన అమెరికన్ షాడ్ కోసం అమెరికాలో కొన్నిచోట్ల మెట్లకు బదులు నీటితొట్టితో ఎత్తి పైకి చేర్చే లిఫ్టులు పెట్టారు.

అందుకని మర్రే నుంచి పది సెంటీమీటర్ల మెట్టును తెచ్చి ధవళేశ్వరంలో పెడితే 1930లలో వాళ్లు చేసిన తప్పే మనమూ చేసినట్టవుతుంది. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది కొలిచే పద్ధతి. పులస ఎంత వేగానికి ఎదురీదగలదు, గుంపు తిరగడానికి ఎంత జాగా కావాలి, వరదలో అది గోడ కింద ఏ మూలకు చేరుతుంది, ఇవి ముందు తేలాలి. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు పులస దగ్గరే ఉంది. గీతలు గీసేవాళ్లు కాగితం ముందేసుకునేది ఆ జవాబు విన్నాకే.