ఆకుపచ్చ బిళ్ల

మొన్న ఆదివారం భోజనానికొచ్చిన మేనకోడలు బ్యాగులోంచి ఫోను తీస్తుంటే, ఆకుపచ్చ బిళ్ల ఒకటి జారి పప్పుగిన్నె పక్కన పడింది. గచ్చిబౌలిలో ఆమె పనిచేసే కంపెనీ రెండు రోజులు ట్రైనింగు పెట్టి, ప్రశ్నలకు టిక్కులు పెట్టించి, తలా ఒక రంగు అంటగట్టింది. ఎరుపంటే దూకుడు, పసుపంటే సందడి, నీలమంటే లెక్కాపత్రం, ఆకుపచ్చంటే నెమ్మది. పదిహేను రోజులుగా అందరూ ఐడీ కార్డు పక్కన ఆ బిళ్లలతో తిరుగుతున్నారు.

"నేను గ్రీనంట మావయ్యా," అంది.

కాలమిస్టుకు ముద్ద దిగలేదు.

ఈ పేజీ పాత పాఠకులకు ఆయన సంగతి తెలుసు. మనుషులను డబ్బాల్లో సర్దే ఏ పద్ధతి మీదైనా ఆయనకు పాత కక్ష. ఆయన కాలమ్‌కు ఎదురుపేజీలోనే రాశిఫలాలు పడతాయని ఎడిటరు రెండుసార్లు గుర్తుచేసినా తగ్గలేదు. ఆ మధ్యాహ్నం కూడా ఆయన ఫోరర్ మాస్టారిని బయటికి తీశారు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, వారం తర్వాత 'ఇదీ నీ స్వభావం' అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వెయ్యమంటే సగటు నాలుగు దాటింది. తీరా చూస్తే అందరి చేతిలోనూ ఒకటే కాగితం. అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవి.

మైయర్స్ బ్రిగ్స్ పరీక్ష కథా అంతే. మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టే ఆ పరీక్షను తయారుచేసిన తల్లీకూతుళ్లు సైకాలజీలో శిక్షణ పొందినవాళ్లు కారు. కూతురు ఇసబెల్ అంతకుముందు డిటెక్టివ్ నవల రాసి బహుమతి గెలుచుకున్నావిడ. ఇప్పటి సైకాలజిస్టులు ఎక్కువగా నమ్మే అయిదు గుణాల కొలతలో డబ్బాలుండవు, స్కేలే ఉంటుంది. కలుపుగోలుతనమైనా, ఆందోళనైనా చాలామంది నడిమధ్యలోనే తేలతారు. నడిమధ్య మనిషికి ఏ రంగు బిళ్ల ఇస్తారట?

"మా ఫోర్‌మన్ గారికి ఇవేవీ అక్కర్లేకపోయాయమ్మా," అన్నారాయన. ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

1982. విజయవాడ గవర్నరుపేటలో ఓ ప్రెస్సు. కాలమిస్టు అక్కడ ప్రూఫులు దిద్దే కుర్రాడు. పద్నాలుగు మంది కంపోజిటర్లు కేసుల ముందు నిలబడి, సీసం అక్షరాలు ఏరి స్టిక్కులో పేరుస్తుండేవారు. ఒక్క వత్తు ఎగిరిపోతే శుభలేఖలో ఆహ్వానం కాస్తా ఆహానం అయ్యేది. గ్యాలీ ప్రూఫు మీద ఎర్ర పెన్సిలు గుర్తులు పడ్డాక ఫోర్‌మన్ గారు దాన్ని పట్టుకెళ్లే తీరు చూడాలి. మూడో కేసు పెద్దాయనకైతే గది మధ్య నుంచే, "బాబాయ్, పెళ్లికొడుకు ఇంటిపేరు మింగేశావు!" అని కేకేసేవారు. అందరికంటే ముందు నవ్వేది ఆ పెద్దాయనే. కిటికీ పక్క కుర్రాడి దగ్గర మాత్రం మాటుండదు. ప్రూఫు బోర్లించి కేసు అంచున పెట్టి, టీ కొట్టుకు వెళ్లిపోయేవారు. తిరిగొచ్చేసరికి తప్పు సరిదిద్ది ఉండేది. కుర్రాడి మీద ఆ కేకే పడితే సాయంత్రం దాకా చేతులు వణికేవి. పెద్దాయన దగ్గర ఆ మౌనమే పాటిస్తే, తనమీద అలిగారని ఆయన క్యారేజీ విప్పేవాడే కాదు. ప్రూఫు కుర్రాడు పొరపాటు చేస్తే, "ఇదేమిటో కాస్త చదివి పెట్టు," అనేవారు. చదువుతుంటే తప్పు తనకే తగిలేది.

కథ ముగించి, గెలిచినంత ధీమాగా ఆయన మజ్జిగ కలుపుకున్నారు.

"ఆ కిటికీ అబ్బాయి ఏమయ్యాడు?" అంది మేనకోడలు.

ఇన్నేళ్లుగా ఈ కథ చెబుతున్నా ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఏమయ్యాడంటే, అసిస్టెంటు ఫోర్‌మన్ పోస్టు ఖాళీ పడినప్పుడు అతన్ని పిలవనేలేదు. 'నలుగురిలో వాడికి నోరు లేవదు, ఇబ్బంది పెట్టడమెందుకు' అన్నారు ఫోర్‌మన్ గారు, ప్రేమగానే. ఏడాది తిరక్కుండా కుర్రాడు ఏలూరులో సొంత ట్రెడిల్ ప్రెస్సు పెట్టుకున్నాడు. కాలమిస్టు ఓసారి వెళ్లి చూస్తే, గల్లాపెట్టె ముందు కూర్చుని కాగితం వ్యాపారితో గొంతెత్తి బేరమాడుతున్నాడు. అంటే ఫోర్‌మన్ గారూ ఓ బిళ్ల తగిలించారు. తగిలించినట్టు ఆ కుర్రాడికి చెప్పలేదు, అంతే.

"బిళ్ల ఉత్త బోగస్సేలే," అంది ఆమె. "కానీ మా టీములో పన్నెండు మందిమి, మూడు ఊళ్లలో ఉంటాం, ఆర్నెల్లకు సగం మంది మారిపోతారు. ఎవరి చేతులు ఎప్పుడు వణుకుతాయో చూసేదెవరు? ఇది చూసి మా మేనేజరు మొదటిసారి అడిగారు, గ్రీనంటే నీతో ఎలా మాట్లాడాలి అని. మీటింగులో ఉన్నట్టుండి నా పేరు పిలవద్దన్నాను. ముందురోజు చెబితే నేనే మొదలుపెడతానన్నాను. శుక్రవారం మొదలుపెట్టాను కూడా."

కాలమిస్టు బిళ్ల తిప్పి చూశారు. వెనక బాల్‌పెన్నుతో చిన్న అక్షరాలు: 'ప్రశ ముందురోజు పంపండి. ప్రెజెంటేషన్ ఇమ్మన్నా ఇస్తాను.' మొదటి మాటలో నావత్తు ఎగిరిపోయింది. చెప్పమంటావా, బోర్లించి పెట్టమంటావా అని ఆమెనే అడిగారు.