పట్టు తప్పని వేగం

స్పోర్ట్స్ కారు ఘనతను సాధారణంగా ఇంజిన్ శక్తితోనే కొలుస్తారు గాని, మలుపుకు ఎంత దగ్గరగా వచ్చాక వేగం తగ్గించుకోవచ్చో డ్రైవరుకు ధీమా కుదిరినప్పుడే ఆ శక్తి పూర్తిగా అక్కరకొస్తుంది. ఫ్రాన్సులోని లె మాన్‌లో 1953లో జరిగిన 24 గంటల పందెం ఈ సంగతిని రుజువు చేసింది. అప్పటి కార్లలో ఎక్కువగా ఉన్నవి డ్రమ్ బ్రేకులు. చక్రంతోపాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడకు బ్రేకు షూలు ఒరుసుకునే ఆ ఏర్పాటులో, పదేపదే బ్రేకు వేస్తే వేడి లోపలే చిక్కుకుని పట్టు సడలిపోయేది. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ సీ-టైప్‌కు డన్‌లప్ సంస్థ రూపొందించిన డిస్క్ బ్రేకులు ఉన్నాయి. గాలి తగిలేలా తిరిగే లోహపు బిళ్లను రెండు వైపుల నుంచి ప్యాడ్లు నొక్కిపట్టే ఈ పద్ధతిలో వేడి త్వరగా బయటికి పోతుంది గనుక, ఆ జంట ప్రత్యర్థుల కంటే ఆలస్యంగా బ్రేకు వేస్తూ పందెం గెలిచింది. లె మాన్ విజేత సగటు వేగం గంటకు వంద మైళ్లు దాటడం అదే మొదటిసారి.

బ్రేకు చేసే పని కదలికను వేడిగా మార్చడమే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్న 1500 కిలోల కారులో సుమారు 23 లక్షల జౌళ్ల గతిజశక్తి ఉంటుంది. ఏడు లీటర్ల చన్నీటిని మరుగు దాకా కాచగల ఈ శక్తిలో అధిక భాగాన్ని డిస్కులు ఐదారు సెకన్లలో తమలోకి తీసుకుని, ఆ తరువాత గాలికి వదలాలి. పోర్షే సంస్థ 2001లో 911 జీటీ2 కారుకు అమర్చిన సిరామిక్ మిశ్రమ డిస్కులు ఈ వేడిని తట్టుకోవడమే కాక, పోత ఇనుప డిస్కుల్లో దాదాపు సగం బరువే ఉంటాయి. చక్రాల దగ్గర బరువు తగ్గేకొద్దీ గతుకుల మీద సైతం టైరు రోడ్డును అంటిపెట్టుకుని ఉంటుంది.

అయితే బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే, కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. టైరు కొద్దిగా జారుతూ దొర్లేటప్పుడు ఈ పట్టు అత్యధికంగా ఉంటుంది; చక్రం పూర్తిగా బిగుసుకుపోతే అది తగ్గడమే కాక, స్టీరింగ్ ఎటు తిప్పినా కారు తిన్నగానే దూసుకుపోతుంది. 1978లో బాష్ సంస్థ మెర్సిడెస్-బెంజ్ ఎస్-క్లాస్ కోసం అందించిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్, చక్రాల వేగాన్ని సెన్సర్లతో గమనిస్తూ, బిగుసుకోబోతున్న చక్రానికి బ్రేకు ద్రవం ఒత్తిడిని సెకనుకు ఎన్నోసార్లు వదులుతూ, నిలుపుతూ, పెంచుతూ పోతుంది. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా ఒకే పెడల్‌తో నాలుగు చక్రాలను విడివిడిగా ఇలా అదుపు చేయలేడు.

స్థిరత్వ నియంత్రణ ఈ పునాది మీదే నిలిచింది. 1995లో మెర్సిడెస్ కార్లలో వచ్చిన ఈఎస్‌పీ, స్టీరింగ్ కోణాన్ని బట్టి డ్రైవరు ఎటు వెళ్లదలచుకున్నాడో గ్రహించి, కారు తన నిలువు అక్షం చుట్టూ తిరుగుతున్న వేగంతోనూ, పక్కకు లాగే త్వరణంతోనూ దాన్ని పోల్చుకుంటుంది. ముందు చక్రాలు జారి కారు మలుపు వెలుపలికి పోయే స్థితిని అండర్‌స్టీర్ అంటారు. అప్పుడు లోపలివైపు వెనుక చక్రానికి బ్రేకు పడి, కారు మలుపులోకి తిరుగుతుంది. వెనుక భాగం జారి కారు గిరగిరా తిరగబోయే ఓవర్‌స్టీర్‌లో వెలుపలివైపు ముందు చక్రానికి బ్రేకు పడుతుంది. అవసరమైతే ఇంజిన్ శక్తి కూడా తగ్గుతుంది. ఇంజిన్ వెనుక ఇరుసుకు ఆవల ఉండే పోర్షే 911కు ఈ రెండవ రక్షణ ఎంతో విలువైనది, ఎందుకంటే మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీది కాలు హఠాత్తుగా తీస్తే, బరువు ముందుకు మారి, తేలికపడిన వెనుక చక్రాలు పక్కకు జారడం పాత 911లలో పేరుమోసిన ప్రమాదం.

ఇలాంటి జోక్యం నడిపేవారి నైపుణ్యాన్ని అణచివేస్తుందన్న అభ్యంతరం పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. అందుకే మేలైన స్పోర్ట్స్ కార్లలో కొంత జారుడును అనుమతించి, హద్దు దాటినప్పుడే కలగజేసుకునే స్పోర్ట్ మోడ్ ఉంటుంది. ఇంత చేసినా ఈ వ్యవస్థలు ఉన్న పట్టును పంచగలవే గాని కొత్తగా పుట్టించలేవు. అరిగిన టైర్ల మీద అత్యుత్తమమైన ఈఎస్‌పీ కూడా నిస్సహాయమే. ఏబీఎస్ ఉన్న ఏ కారు నడిపేవారైనా ఆపదలో పెడల్‌ను గట్టిగా తొక్కి, అది పాదం కింద అదురుతున్నా కాలు తీయకుండా, అడ్డం తప్పించే వైపుకు స్టీరింగ్ తిప్పాలి.