విప్పి కట్టే ఇల్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో మిగిలిన పాత పెంకుటిండ్లు ఊడదీయడానికి వీలైనవి. ముందుచూపుతో అలా కట్టారని కాదు, దొరికిన సరుకు, తెలిసిన పని అలాంటివి. నిట్టాడు మీద దూలం, దూలం మీద వాసాలు. దర్వాజ చట్రంలో ఒక కొయ్య కొనను సన్నగా చెక్కి ఇంకోదాని బెజ్జంలో దిగేస్తారు. గోడ మట్టిది, లేదంటే సున్నంతో పేర్చిన ఇటుకది. గూన పెంకుల కప్పుకు మేకుతో పనే లేదు. అందుకే ఈ ఇండ్ల సరుకు ఇంకో ఇంటికి పనికొస్తుంది.

అందులో అన్నిటికన్నా విలువైనది టేకు. గోదావరి అవతల ఆదిలాబాద్ అడవులున్న ప్రాంతం కాబట్టి ఇక్కడి ఇండ్లలో మంచి కలప పడింది. ఏండ్ల తరబడి ఆరిన చేవ మళ్లీ వంగదు, పగలదు. పైనుండే తెల్ల భాగాన్ని మాత్రం నమ్మరాదు, చెదలు ముందు దాన్నే పడతాయి. దూలం కొనేవాళ్లు నడుమ భాగం చూసి మురిసిపోతారు. చూడాల్సింది గోడలో దిగిన కొనలను. తడి తగిలేది, లోలోపల గుల్లబారేది అక్కడే. లోపల దాగిన మేకు ఒక్కటి ఉన్నా రంపం పళ్లు పోతాయి గనుక కోతకు ముందు వడ్రంగి చెక్కంతా తడిమి చూస్తాడు.

పాత సరుకుతో కట్టే ఇంటికి ప్లాన్ చివర్లో గీయాలి. ముందు దర్వాజలు, కిటికీలు, దూలాలు తెచ్చి కొలుచుకోవాలి. దూలం పొడవును బట్టి అర్ర వెడల్పు, దర్వాజ కొలతను బట్టి గోడలో ఖాళీ. కాగితం మీద గదులు ముందే తేల్చుకున్నవాళ్లు మంచి దూలాన్ని కోసి పొట్టి చేసుకుంటారు.

ఇటుక సంగతి మసాలాతో తేలుతుంది. సున్నంతో పేర్చిన ఇటుకను సుత్తితో మెల్లగా తడితే మసాలా రాలిపోయి ఇటుక మిగులుతుంది. సిమెంటు మసాలా అయితే ఇటుక కన్నా గట్టిపడుతుంది, విడదీయబోతే ఇటుకే పగులుతుంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీళ్లతో చల్లార్చిన ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి, గానుగలో రాతిచక్రం కింద ఎడ్లతో నలిపిస్తే డంగుసున్నం. కొన్నిచోట్ల కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా కలిపేవారు. గోడ కట్టాక అది గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకుంటూ ఏండ్ల పాటు నెమ్మదిగా రాయిగా మారుతుంది. జగిత్యాల కోటలో రాతిని పట్టుకున్నదీ సున్నమే.

మట్టిగోడకు ఎర్రమట్టి, మొరం, వరిగడ్డి కలిపి తొక్కి, కొన్నాళ్లు నానబెడతారు. మోకాలెత్తు పెట్టి, ఆరాక మరో వరుస ఎత్తుతారు. నల్లరేగడి గోడకూ పనికిరాదు, పునాది కింద ఉన్నా ప్రమాదమే. తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాదిని మొరం తగిలేదాకా తవ్వి, నేల మట్టం పైదాకా రాతితో లేపాలి. మట్టిగోడను కాపాడేవి ఆ రాయి, పైన ముందుకు జారిన చూరు. రాతికి కరువులేదు, గ్రానైట్ తీసే కరీంనగర్ పక్కనే ఉంది.

గూనను కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, నిలువునా రెండుగా చీల్చి కాలుస్తాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పరుస్తారు. ఏటా వానలకు ముందు కప్పెక్కి సర్దాలి. ఈ పనికి మనుషులు దొరకకపోవడం ఒక కష్టమైతే, కోతులు అంతకు మించిన కష్టం. పెంకుటింటిని ఓడించింది ఫ్యాషన్ అనుకుంటారు గానీ, అందులో సగం కోతులదే. మిగతా సగంలో గల్ఫ్ డబ్బుకూ వాటా ఉంది. కోరుట్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయివచ్చిన కుటుంబాలకు స్లాబు ఇల్లే కష్టార్జితానికి గుర్తు. పాత ఇంటి కలప కొత్త ఇంటికి కలిసిరాదన్న వాస్తు మాట ఒకటి అడ్డం పడుతుంది. దానికి కలపలో కారణమేమీ కనబడదు.

ఊరికి ఊరే ఖాళీ చేయాల్సి వచ్చిన చోట్లూ ఉన్నాయి. మాన్వాడ దగ్గర మానేరు మీద కట్టిన మిడ్ మానేరు జలాశయం కింద కొడుముంజ, చింతల్‌ఠాణా, నీలోజిపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. ఆ జలాశయంలో 25 టీఎంసీలకు పైగా నీళ్లు పడతాయి. ముంపు ఊరి నుంచి బండికెక్కించుకోగలిగేది టేకు, పెంకులు, రాయి. మట్టిగోడ నీళ్లలో కరిగి మట్టిలో కలుస్తుంది. చైనాలోని నింగ్బోలో ఇలాగే కూల్చేసిన ఊళ్ల ఇటుకలు, పెంకులు ఏరి ఆర్కిటెక్ట్ వాంగ్ షూ 2008 నాటికి ఒక మ్యూజియం గోడలు పేర్చాడు. 2012లో ఆయనకు ఆర్కిటెక్చర్‌లో ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

స్లాబు ఇల్లు కూల్చినప్పుడు దక్కేవి ఇనుప చువ్వలు, కిటికీ గ్రిల్లులు, తలుపులు. మిగిలిన కాంక్రీటు ముక్కలు గుంతలు పూడ్చడానికి ట్రాక్టరెక్కుతాయి.